క్లబ్ ప్రోగ్రాంలో బ్రేక్ ఎప్పుడివ్వాలి, పాటల వరస ఎలా వేసుకోవాలి?

అమలాపురం బ్యాండ్:

అందరికీ నమస్కారమండి. అమలాపురంలో ఆరుగురం కలిసి బ్యాండు పెట్టుకున్నాం. కీబోర్డు, లీడ్ గిటార్, బేస్, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్), పాడేవాళ్లు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అన్నీ సినిమా పాటలే, సొంత పాటలు లేవు. ఇన్నాళ్లూ కాలేజీ ఫంక్షన్లు, రిసెప్షన్లు చేశాం. ఈమధ్య క్లబ్బులవాళ్లు పిలుస్తున్నారు. శనివారం ఫ్యామిలీ నైట్లు, డిసెంబరు 31, ఆ తర్వాత సంక్రాంతికి భీమవరం వైపు ఒకటి.

రిసెప్షన్‌లో జనం వస్తూ పోతూ ఉంటారు. పెళ్లికొడుకు పెళ్లికూతుళ్లతో ఫొటో దిగి, భోంచేసి వెళ్లిపోతారు. ఏ పాట ఎప్పుడు వాయించినా నడిచిపోతుంది. క్లబ్బులో అలా కాదండి. ఏడు నుంచి పది దాకా అవే కుటుంబాలు ఎదురుగా కూర్చుని ఉంటాయి. తాతగారు ఉంటారు, ఇంటర్ చదివే మనవరాలు ఉంటుంది, హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుడుగారూ ఉంటారు.

మా ఇబ్బంది ఏమిటంటే, మొదటి గంట బ్రహ్మాండంగా నడుస్తుంది. ఎనిమిదింపావుకి బ్రేక్ ఇస్తాం. ఇరవై నిమిషాల తర్వాత స్టేజీ ఎక్కి చూస్తే సగం కుర్చీలు ఖాళీ. మగవాళ్లు కార్డ్స్ రూములోకి, మిగతావాళ్లు భోజనాల దగ్గరికి. మేం కష్టపడి ప్రాక్టీస్ చేసిన ఫాస్ట్ పాటలన్నీ ఆ రెండో భాగంలోనే పెట్టుకుంటున్నాం. వినేవాళ్లు లేకుండా పోతున్నారు.

అసలు బ్రేకే ఇవ్వొద్దని మా గిటారిస్ట్ అంటాడు. గంటన్నర ఏకధాటిగా పాడితే మూడో పాట నుంచే భయం భయంగా పాడాల్సి వస్తుందని మా సింగర్ అంటుంది. పాటల వరస మీద కూడా మాలో మాకు పడటం లేదు. మొదట్లోనే ఊపు తేవాలని కొందరు, మెలొడీతో మొదలెట్టాలని కొందరు. పైగా ఫలానా పాట పాడమని జనం రాసి పంపే చీటీలు. ఒక్కోరోజు స్టేజీ మీదకి గుప్పెడు చీటీలు వస్తాయి, మా లిస్టు మూలన పడుతుంది.

అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి. ఎన్ని బ్రేకులు, ఎంతసేపు, ఏ భాగంలో ఎలాంటి పాటలు?

పాలకొల్లు కీబోర్డు:

తమ్ముడూ, మీ పాటలు బాగోక జనం వెళ్లలేదు. అన్నం పెట్టారు కాబట్టి వెళ్లారు. ఈ తేడా పట్టుకుంటే మీ ప్రశ్నలో సగం తీరిపోతుంది.

ప్రోగ్రాం ఒప్పుకునేటప్పుడు రేటు మాట్లాడుకున్నాక అడగాల్సిన మొదటి ప్రశ్న, భోజనాలు ఎన్నింటికి అని. చాలా క్లబ్బుల్లో బ్యాండు బ్రేక్ ఇవ్వగానే బఫే తెరుస్తారు. అప్పుడైతే చప్పుడు ఉండదు, జనం ఖాళీగా ఉంటారు అని వాళ్ల ఆలోచన. కానీ నూట యాభై మంది రెండు కౌంటర్ల దగ్గర వరసలో నిలబడితే చివరి ప్లేటు నిండేసరికి ముప్పావు గంట. మీ బ్రేక్ ఇరవై నిమిషాలు. మీరు మళ్లీ మొదలెట్టేసరికి సగంమంది చేతిలో ప్లేటుతో లైన్లోనే ఉంటారు. మిగతా సగం తినేసి, నిద్రకొచ్చిన పిల్లల్ని భుజాన వేసుకుని బైక్ దగ్గరుంటారు. మన వైపు భోజనం అయిందంటే ఫంక్షన్ అయినట్టే. ఆ అలవాటుతో పోట్లాడలేం.

అందుకని నేను చేసేది ఇది. భోజనాన్ని బ్రేకులో పెట్టనివ్వను. వాళ్లు తింటుండగా మేం వాయిస్తాం. వాళ్లు కుర్చీల్లో ఉండాల్సిన పని ఏదైనా ఉన్నప్పుడు మేం దిగుతాం. ఆ పని తంబోలా, అదే, పిలిచిన నంబర్లు టికెట్ మీద కొట్టేసుకునే ఆట. మన క్లబ్బుల్లో ఫ్యామిలీ నైట్ అంటే తంబోలా ఎలాగూ ఉంటుంది. దాన్ని మొదటి బ్రేకులోకి లాక్కోండి. టికెట్ చేతిలో ఉన్నవాడు కుర్చీ వదలడు, కార్డ్స్ రూములోకి వెళ్లేవాళ్లు కూడా ఆగుతారు. ఒకే ఒక షరతు, మూడు లైన్లూ ఫుల్ హౌసూ అన్నీ పెడితే అరగంట దాటిపోతుంది. జల్దీ ఫైవ్, ఒక లైను, ఫుల్ హౌస్, అంతే చాలని సెక్రటరీగారికి ముందే చెప్పండి. టికెట్లు మొదటి సెట్ నడుస్తుండగానే అమ్మేయాలి.

ఇక గడియారం. లాన్‌లో ప్రోగ్రాం అయితే రాత్రి పదికి మైకు ఆగాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ కుదరదు. తలుపులు మూసిన హాలు అయితే వేరు. పండగలకీ ఉత్సవాలకీ ప్రభుత్వం పన్నెండు దాకా సడలించవచ్చు గానీ, అది ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకూడదు. డిసెంబరు 31కి ఆ అనుమతి ఉందో లేదో క్లబ్బువాళ్లని కాగితం చూపించమనండి. నోటిమాట మీద వెళ్లకండి. పోలీసులు వచ్చి ఆపేస్తే మీ ఆఖరి అరగంట పోతుంది, అదే జనం గుర్తుపెట్టుకునే అరగంట.

అంటే పది నుంచి వెనక్కి లెక్క కట్టాలి. నేను సాధారణంగా 9.55కి ముగిస్తాను. 7.15కి మొదలు. మొదటి సెట్ 50 నిమిషాలు. 8.05 నుంచి 8.25 దాకా తంబోలా. 8.25కి రెండో సెట్ మొదలు, అదే నిమిషంలో బఫే మూతలు తెరవాలి. 9.15 దాకా వాయిస్తాం. తర్వాత పది నిమిషాలు సగం బ్రేక్. 9.25 నుంచి 9.55 దాకా ఆఖరి సెట్.

సగం బ్రేక్ అంటే అందరూ దిగరు. గిటారిస్టూ ఒక సింగరూ స్టేజీ మీద ఉంటారు. వెనక ప్యాడ్స్ లేకుండా, ఒక్క గిటార్ మీద రెండు పాత పాటలు. మిగతావాళ్లు నీళ్లు తాగి వస్తారు. పాట ఆగితే మనుషులు లేస్తారు, పాట చప్పుడు తగ్గితే దగ్గరికి జరుగుతారు. ఆ పది నిమిషాల్లో ముందు వరస కుర్చీలు నిండటం నేను చాలాసార్లు చూశాను. ఆ రెండు పాటలూ పాడేది ఎవరో ముందే అనుకోండి. ఆఖరి సెట్‌లో ఎక్కువ పాడాల్సినవాళ్లు మాత్రం దిగి తీరాలి.

పాటల లెక్కకి వద్దాం. ఘంటసాల, సుశీల కాలం పాట మూడు, మూడున్నర నిమిషాలు. ఇళయరాజా పాట నాలుగున్నర, ఐదు. మధ్యలో పేరు చెప్పడం, శ్రుతి మార్చుకోవడం, ప్యాడ్‌లో నంబరు మార్చుకోవడం, కేక్ కటింగ్ ఉందని ఎవరో మైకు అడగడం. 50 నిమిషాలకి తొమ్మిది పాటలే రాసుకోండి. మొత్తం మీద తొమ్మిది, తొమ్మిది, ఆరు. ఇంకో అరడజను పక్కన రెడీగా ఉంచుకోండి.

మొదటి సెట్‌లో ప్రార్థన గీతం ఒక పల్లవి, ఒక చరణం చాలు. తర్వాత మెలొడీయా ఫాస్టా అని కొట్టుకోవద్దు. మధ్య లయలో ఉండి, మొదటి బీజీఎం (మాటలు లేకుండా వాద్యాలు మాత్రమే మోగే ముక్క) వినగానే పాట ఏదో అందరికీ తెలిసిపోయేది ఒకటి వేయండి. ఏడుంపావుకి వచ్చి కూర్చునేది పెద్దవాళ్లే, కుర్రాళ్లు ఎనిమిదికి గానీ రారు. అందుకే పాత పాటలు రెండో పాట నుంచే రావాలి. చాలా బ్యాండ్లు పెద్దవాళ్ల పాటల్ని ‘తర్వాత చూద్దాం’ అని దాస్తాయి. తొమ్మిదికి వాళ్లు ఇంట్లో ఉంటారు. నా మటుకు నాకు, ఎదురుగా కూర్చుని చేతి మీద తాళం వేసుకునే ఆ పెద్దాయన్ని సంతోషపెట్టకుండా వెనక్కి పంపడం చాలా తప్పుగా అనిపిస్తుంది. మళ్లీ మిమ్మల్ని పిలవాలా వద్దా అని కమిటీలో మాట్లాడేది కూడా ఆయనే.

ఇళయరాజా పాటల దగ్గర ఒక జాగ్రత్త. మొదటి చరణం ముందు బీజీఎం వేరు, రెండో చరణం ముందు వేరు. వయొలిన్ల లాంటి తీగ వాద్యాల భాగం మొత్తం ఒక్క కీబోర్డు మీద పడుతుంది. అలాంటివి రెండు వరసగా వచ్చాక మూడోది గిటార్ నడిపించే పాట పెట్టండి. కీబోర్డు అతని వేళ్లకి ఊపిరి అందుతుంది.

రెండో సెట్ మొదటి ఇరవై అయిదు నిమిషాలు డ్యూయెట్లు, నెమ్మది పాటలు. వాళ్లు తింటున్నారు, మాట్లాడుకుంటున్నారు. ఆ టైములో అరిచి పాడితే ఎవరికీ వినపడదు, మీ గొంతులూ పోతాయి. మిక్సర్‌లో కూడా కొంచెం తగ్గించండి. 8.50 దాటాక ప్లేట్లు కింద పెట్టడం మొదలవుతుంది. అక్కణ్నుంచి ఒక్కో పాటకీ వేగం పెంచుకుంటూ పోండి. ఆఖరి సెట్ అంతా డ్యాన్స్ పాటలే, మధ్యలో మాటల్లేకుండా. వెదురుపాక మూలాలున్న దేవిశ్రీప్రసాద్ బీట్లు మన వైపు ఎప్పుడూ మోసం చేయవు, వాటిని అక్కడికి దాచుకోండి.

నరసాపురం సింగర్:

కీబోర్డు గారు గడియారం గురించి చెప్పారు, నేను గొంతు గురించి చెబుతానండి. పాటల వరస వేసేటప్పుడు చాలామంది పాట ఊపే చూస్తారు, శ్రుతి చూడరు.

హార్మోనియం మెట్ల లెక్కలో మీ అమ్మాయికి అయిదున్నర శ్రుతి హాయిగా ఉంటుందనుకోండి, అబ్బాయికి ఒకటి, ఒకటిన్నర. డ్యూయెట్ వచ్చేసరికి ఇద్దరికీ ఒకే శ్రుతి. అబ్బాయికి పై స్థాయి అందడం లేదని రెండు మెట్లు దించితే అమ్మాయి గొంతు మంద్రంలో, అంటే కింది స్థాయిలో పడి వినపడదు. అప్పుడు మైకులో బలవంతంగా నొక్కి పాడాల్సి వస్తుంది. పై స్థాయిలో పాడిన దానికంటే అదే గొంతుని ఎక్కువ అలసగొడుతుంది. డ్యూయెట్లని సినిమాలో ఉన్న శ్రుతిలోనే పాడగలిగితేనే లిస్టులో పెట్టండి. దించాల్సి వస్తే ఆ పాట వదిలేయండి, పాటలకేం కరువు.

పై షడ్జం, అంటే పై స్థాయి ‘స’ దాటి వెళ్లే పాటలు ఒకే మనిషికి వరసగా రెండు రాకూడదు. నాకు ఎవరైనా లిస్టు ఇస్తే ముందు అదే చూసుకుంటాను. ఒక హై పాట, తర్వాత అబ్బాయి సోలో, తర్వాత డ్యూయెట్, అప్పుడు మళ్లీ నా సోలో. ఇలా వస్తే మూడు గంటలైనా గొంతు నిలబడుతుంది.

బ్రేక్‌లో పాడటం ఆగుతుంది గానీ మాట్లాడటం ఆగదు. అదే అసలు ముప్పు. జనం వచ్చి బాగా పాడారమ్మా అంటారు, సెల్ఫీ అంటారు, స్పీకర్ పక్కన నిలబడి ఊరు పేరు అడుగుతారు. బ్రేక్‌లో వేసే రికార్డెడ్ మ్యూజిక్ మీద గట్టిగా జవాబు చెప్పి చెప్పి పది నిమిషాల్లో గొంతు గరగర మొదలవుతుంది. వాళ్ల ప్రేమని కాదనలేం. అందుకే మా బ్యాండులో బేస్ వాయించే అన్నయ్య బ్రేక్‌లో నా పక్కనే ఉంటాడు, మాటలన్నీ ఆయనే మాట్లాడతాడు. నేను నవ్వి నమస్కారం పెడతాను. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు తెచ్చుకోండి. క్లబ్బులో ఇచ్చేవన్నీ ఐసు నీళ్లే. బిర్యానీ ఎంత బాగున్నా బ్రేక్‌లో తినొద్దు. మీ ఆరుగురికీ ప్లేట్లు పక్కన పెట్టించమని కమిటీవాళ్లకి ముందే చెప్పుకోండి, లేదంటే పదింటికి గిన్నెలు ఖాళీ అయిపోతాయి.

ఇంకోటి, అక్టోబరు, నవంబరుల్లో లాన్ ప్రోగ్రాం ఒప్పుకుంటే పురుగుల సంగతి చూసుకోండి. చుట్టూ వరిచేలు, స్టేజీ మీద తెల్ల లైట్లు. ఆలాపన కోసం నోరు తెరిస్తే పురుగు లోపలికి పోతుంది. సింగర్ ముఖం మీద పడే లైటు తీయించి, స్టేజీకి దూరంగా ఓ మూల పెద్ద లైటు వేయిస్తే చాలావరకు అటు పోతాయి.

తణుకు ప్యాడ్స్:

నాది చిన్న మాట. లిస్టులో పాట పక్కన శ్రుతి రాసినట్టే నడక కూడా రాయండి, చతురశ్రమా (నాలుగు దెబ్బల లెక్క) తిశ్రమా (మూడు దెబ్బల లెక్క) అని. తిశ్రం పాటలు మూడు వరసగా వస్తే అవి వేర్వేరు పాటలైనా జనానికి ఒకే పాట వింటున్నట్టు ఉంటుంది, ఎందుకు విసుగొస్తోందో వాళ్లకే తెలియదు. ఆఖరి సెట్‌లో మాత్రం ఒకే నడక, దగ్గర దగ్గర వేగం ఉన్నవి రెండేసి జత కట్టండి. మొదటి పాట చివరి పల్లవి అవుతుండగా ప్యాడ్స్ ఆపకుండా రెండోదానిలోకి వెళ్లిపోవచ్చు. ఆడేవాళ్ల కాలు ఆగదు.

మా లిస్టులో ఒక్కో పాటకీ ఒక గీత ఉంటుంది. పాట, ఎవరు పాడతారు, శ్రుతి, నడక, వేగం, నా ప్యాడ్ నంబరు, ఎవరు ఎత్తుకోవాలి, అంటే ముందు ఎవరు మొదలెట్టాలి. ఈ ఆఖరిది చాలామంది రాయరు. పాట మొదలయ్యే ముందు ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఆ నాలుగు సెకన్లు ఎదుటివాళ్లకి చాలా పెద్దగా కనపడతాయి. అక్షరాలు పెద్దవిగా రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, కాళ్ల దగ్గర టేపుతో అంటించండి. ఫ్యాన్ గాలికి ఎగరదు, చెమట పడినా పాడవదు.

సంక్రాంతి ప్రోగ్రాంలో తబలా, ఢోలక్ ఉంటే మంచు సంగతి మర్చిపోకండి. తొమ్మిది దాటితే చర్మం మెత్తబడి శ్రుతి దిగిపోతుంది. బ్రేక్‌లో దుప్పటి కప్పి ఉంచండి. మళ్లీ ఎక్కగానే శ్రుతి చూసుకోవడానికి రెండు నిమిషాలు కావాలి. అందుకే ఆఖరి సెట్ మొదటి పాట ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ మీద నడిచేది పెట్టుకోండి.

అమలాపురం బ్యాండ్:

చాలా చాలా థ్యాంక్సండి అందరికీ. తంబోలా ఆలోచన మాకు అసలు తట్టలేదు. రెండు డౌట్లు. సెక్రటరీగారు భోజనాల టైము మార్చనంటే ఏం చేయాలి? చీటీల సంగతి ఎవరూ చెప్పలేదు. మొన్న ఒక సభ్యుడుగారు ఏడున్నరకే మా ఫాస్ట్ పాట ఒకటి అడిగారు, వాయించేదాకా ఊరుకోలేదు.

పాలకొల్లు కీబోర్డు:

టైము మార్చకపోతే మీరే మారండి. వాళ్లు 8.15కే పెడతామంటే మీ మొదటి సెట్ 7.15 నుంచి 7.50కి కుదించండి. తంబోలా 7.50కి. 8.15 అయ్యేసరికి మీరు స్టేజీ మీద ఉండి వాయిస్తూ ఉండాలి. మనకి కావాల్సింది అదొక్కటే, మూత తెరిచిన క్షణంలో పాట నడుస్తూ ఉండటం. భోజనాలు హాల్లో కాకుండా వెనక షెడ్డులో పెడితే అక్కడ ఒక చిన్న స్పీకర్ పెట్టించండి. పాట వినపడుతుంటే తిన్నాక ఇటే వస్తారు, లేకపోతే అటునుంచి అటే పార్కింగ్‌కి పోతారు. దానికి కావాల్సిన కేబుల్ మీరే పట్టుకెళ్లండి, అక్కడ దొరుకుతుందని అనుకోవద్దు.

చీటీలు తీసుకోండి, ఒక్కటీ వెనక్కి ఇవ్వొద్దు. కానీ స్టేజీ మీదకి రానివ్వొద్దు. కింద మీ మనిషి ఒకరు ఉండాలి, లేకపోతే క్లబ్బు కుర్రాణ్ని ఒకర్ని అడగండి. చీటీలన్నీ అతని దగ్గరికి చేరి, బ్రేక్‌లో మీకు రావాలి. మీ లిస్టులో ఉన్న పాటైతే పక్కన అడిగినవారి పేరు రాసుకుని, ఆ పాట వంతు వచ్చినప్పుడు మైకులో ఆయన పేరు చెప్పండి. ఎలాగూ వాయించేదే, ఆయనకి మాత్రం తన కోసం వాయించినట్టు ఉంటుంది. లిస్టులో లేకపోయినా మీకు బాగా వచ్చిన పాటైతే అలాంటిదే ఒకటి తీసేసి దాన్ని పెట్టండి, నెమ్మది పాటకి నెమ్మది పాట, తిశ్రానికి తిశ్రం. రాని పాటని ఫోన్లో సాహిత్యం చూసి పాడొద్దు, ఎంత పెద్దమనిషి అడిగినా సరే.

ఏడున్నరకే ఫాస్ట్ పాట అడిగే సభ్యుడుగారు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. మీ సింగర్‌ని ఆయన దగ్గరికి పంపండి. ‘బాబాయ్ గారూ, ఆ పాట 9.25కి మీరు ముందు వరసలో ఉంటే మొదలెడతాం’ అని చెప్పించండి. ఆయన ఉంటారు, ఆయనతో పాటు ఆయన టేబుల్ మొత్తం ఉంటుంది. మాట ఇచ్చారు కాబట్టి 9.25కి మొదటి పాట అదే అవ్వాలి. తణుకు ప్యాడ్స్ చెప్పినట్టు దాన్ని ప్యాడ్స్ మీద ఎత్తుకోండి.

ఇంకొక్కటి, అడ్వాన్సు తీసుకునే రోజునే తేల్చుకోండి. పెళ్లి వేడుకల్లో పాటలకి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది, 52(1)(జెడ్‌ఎ) సెక్షను. ఇన్నాళ్లూ రిసెప్షన్లు చేశారు కాబట్టి మీకు ఆ సంగతి ఎదురై ఉండదు. న్యూ ఇయర్ పార్టీకి ఆ మినహాయింపు వర్తించదు, పాటల హక్కులు చూసే సంఘమైన ఐపీఆర్‌ఎస్ లైసెన్సు కావాలి. అది తీసుకోవాల్సింది క్లబ్బే అని ఒప్పంద కాగితంలో ఒక లైను రాయించండి. అదే కాగితంలో మొదలయ్యే టైము, తంబోలా టైము, బఫే టైము, మైకు ఆగే టైము కూడా రాయించి సెక్రటరీగారి సంతకం తీసుకోండి. 31 రాత్రికి జెనరేటర్ ఉందా, అది స్టేజీకి కూడా వస్తుందా లేక లైట్లకేనా అన్నది కూడా ఆ రోజే అడిగేయండి.